తలదెబ్బకు వెలుగు వైద్యం – పరీక్షించడం ఎలా?

(పూర్వ విద్యార్థి, భౌతిక శాస్త్ర ఉపాధ్యాయుడు)

వార్షికోత్సవ సంచికకు సైన్సు పాఠం ఒకటి రాసి ఇమ్మని మన హాస్టల్ నుండి కబురు వచ్చినప్పుడు, ఏ విషయం రాయాలా అని వెతుక్కునే పని పడలేదు. అంతకు కొద్దిరోజుల ముందే మన హాస్టల్లో నా తర్వాత నాలుగేళ్ళకు చదివిన ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. ఇప్పుడతను కృష్ణపట్నం పోర్టుకు పోయే దారిలో లారీలకు మెకానిక్ షెడ్డు నడుపుతున్నాడు. అతని ఆఖరి తమ్ముడు ఇంటర్ చదువుతూ కబడ్డీ ఆడతాడు.

"రైడరును పట్టుకోబోతే వాడి మోకాలు మావాడి తలకు కొట్టుకుందన్నా. రెండు రోజుల నించీ తలనొప్పి అంటా ఉండాడు. వెలుతురు చూడలేకుండా ఉండాడు. ఫోన్లో ఒక టోపీ చూపించారు. లోపలంతా చిన్న చిన్న లైట్లు. తలకు పెట్టుకుంటే మెదడుకు తగిలిన దెబ్బ మానిపోతుందంట. అమెరికాలో ఆటగాళ్ళకు పెడతా ఉండారంట. కొనమంటావా?"

ధర కూడా చెప్పాడు. అతని షెడ్డుకు రెండు నెలల రాబడి. "డాక్టరుకు చూపించావా?" అని అడిగితే ఇంకా లేదన్నాడు. ముందు నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మని, టోపీ సంగతి తర్వాత చెప్తానని ఫోన్ పెట్టేశాను. అతనికి చెప్పవలసిన జవాబు ఫోన్లో పట్టేది కాదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. మన హాస్టల్లో కబడ్డీ ఆడని వాడు లేడు కనుక ఇది మీ అందరికీ పనికివచ్చే పాఠమే.

తలకు దెబ్బ తగిలితే లోపల ఏమవుతుంది?

మెదడు సుమారు 1,300 గ్రాముల మెత్తని పదార్థం. పుర్రె లోపల నీరులాంటి ద్రవంలో తేలుతూ ఉంటుంది. స్టీలు గిన్నెలో తోడుకున్న గడ్డపెరుగును తలచుకోండి. గిన్నెను పట్టుకుని ఒక్కసారిగా గిరుక్కున తిప్పి ఆపితే గిన్నెకు సొట్ట పడదు. కానీ లోపల పెరుగు కదిలి, చీలి, నీరు వదులుతుంది. తలకు కూడా నేరుగా తగిలిన దెబ్బ కంటే తలను గిర్రున తిప్పే దెబ్బ ఎక్కువ చేటు చేస్తుంది. దీనినే డాక్టర్లు కంకషన్ అంటారు. మనం మెదడు కుదుపు అనుకుందాం. తల నేలకు తగలకపోయినా, భుజానికి గట్టి దెబ్బ తగిలి మెడ విసురుగా ఊగినా ఇది రావచ్చు.

కుదుపుకు మెదడులోని నాడీతంతువులు సాగుతాయి. వాటి గోడల గుండా పొటాషియం బయటికి, కాల్షియం లోపలికి పోతాయి. వాటిని తిరిగి ఎక్కడివక్కడ చేర్చడానికి కణాల్లోని పంపులు గట్టిగా పనిచేయాలి. ఆ పంపులకు కావలసిన ఇంధనం ఎ.టి.పి. సరిగ్గా అదే సమయంలో మెదడుకు రక్తప్రసారం తగ్గుతుంది. రొయ్యల చెరువులో ఏరేటర్లన్నీ తిరగవలసిన రాత్రే కరెంటు పోయినట్లన్న మాట. ఈ ఇంధన కొరత కొన్ని రోజుల నుండి కొన్ని వారాల వరకు సాగుతుంది. తలనొప్పి, వికారం, తలతిరుగుడు, వెలుతురు గిట్టకపోవడం, చదివింది బుర్రకెక్కకపోవడం, అకారణంగా చిరాకు – ఇవన్నీ ఆ కొరతలో కనపడే లక్షణాలు.

రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. మెదడు కుదుపు వచ్చిన వారిలో చాలామందికి స్పృహ తప్పదు. "స్పృహ తప్పలేదు గదా, ఏం కాదులే" అనే మాట తప్పు. రెండవది, మామూలు సి.టి. స్కానులో సాధారణంగా ఏమీ కనపడదు. ఆ స్కాను రక్తస్రావం, ఎముక విరుగుడు వంటివి లేవని తేల్చుకోవడానికి మాత్రమే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. తొమ్మిదో తరగతిలో ఒక పోటీలో నాకు ఇలాగే తగిలింది. ఎక్కడ, ఎవరి ఆధ్వర్యంలో అన్నది ఇప్పుడు అనవసరం. లేచి దుమ్ము దులుపుకుని మళ్ళీ ఆడాను. మేము గెలిచాము, కానీ ఎన్ని పాయింట్లతో గెలిచామో నాకు తెలియదు. రాత్రి హాస్టల్ వెనక వాంతి చేసుకున్నాను. ఎవరైనా అడిగితే సాంబారు పడలేదని చెప్పమని నా పక్క మంచం వాడికి చెప్పాను. ఎందుకంటే ఆ వారంలోనే జోనల్ జట్టు ఎంపిక ఉంది. చెబితే పేరు తీసేస్తారని భయం. ఆ క్వార్టర్లీ పరీక్షల్లో లెక్కల పేపరు చూస్తే అంకెలు ఈదుతున్నట్లుండేవి. ఎప్పుడూ తొంభై వచ్చేవాడికి ముప్ఫై ఎనిమిది వచ్చాయి. ఆటల పిచ్చిలో చదువు పాడుచేసుకుంటున్నానని తిట్లు తిన్నాను. అసలు కారణం నాకే తెలియదు, ఇక వాళ్ళకేం చెప్పను?

వెలుగు ఎక్కడి నుండి వచ్చింది?

వెలుగుతో వైద్యం అనగానే మోసం అనుకోనక్కరలేదు. చర్మ క్షయకు కాంతి చికిత్స కనుగొన్నందుకు డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి ఇచ్చారు. పచ్చకామెర్లతో పుట్టిన పసిబిడ్డను ఆసుపత్రిలో నీలి దీపాల కింద పడుకోబెట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. 1950లలో ఇంగ్లండులోని రోచ్‌ఫోర్డ్ ఆసుపత్రిలో ఒక నర్సు ఎండలో ఉంచిన పసిబిడ్డల పసుపు రంగు తగ్గడం గమనించింది. దాని మీద పరిశోధన చేసి 1958లో అక్కడి వైద్యులు ఈ చికిత్సను ప్రకటించారు. చర్మంలోని బిలిరుబిన్ అనే పదార్థం నీలి కాంతి తగలగానే ఆకారం మార్చుకుని, శరీరం బయటకు పంపగలిగే రూపంలోకి వస్తుంది. ఏ పదార్థం, ఏ రంగు, ఎంతసేపు అన్నీ తెలుసు. రక్తపరీక్షలో అంకె తగ్గడం కళ్ళకు కనపడుతుంది.

టోపీలోని వెలుగు వేరు. అది ఎరుపుకు అవతల ఉండే సమీప పరారుణ కాంతి. ఎక్కువ పరికరాల్లో దాని తరంగదైర్ఘ్యం 810 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. కంటికి దాదాపుగా కనపడదు. టీవీ రిమోట్ బటన్ నొక్కి దాని ముందరి బల్బును సెల్‌ఫోన్ ముందు కెమెరాలో చూడండి. కంటికి కనపడని మెరుపు చాలా ఫోన్లలో ఊదారంగు చుక్కగా కనపడుతుంది. అది కూడా ఆ జాతి కాంతే. ఇంకొక ప్రయోగం: రాత్రి చీకట్లో టార్చి వెలిగించి అరచేతితో మూయండి. వేళ్ళ సందుల్లో చర్మం ఎర్రగా వెలుగుతుంది. తెల్లని కాంతిలోని నీలం, ఆకుపచ్చలను రక్తం మింగేస్తుంది, ఎరుపు మాత్రం దాటుకుని వస్తుంది. కరోనా రోజుల్లో వేలికి పెట్టిన ఆక్సీమీటరు పనిచేసేది ఎరుపు, పరారుణ కాంతులతోనే. కాబట్టి ఈ కాంతి కొంతవరకు శరీరాన్ని దాటగలదన్నది నిజం. కానీ వేలు వేరు, తల వేరు. జుట్టు, చర్మం, పుర్రె దాటి మెదడు పైపొరకు చేరేది చాలా స్వల్ప భాగం. లోతుకు పోయేకొద్దీ ఇంకా తగ్గిపోతుంది.

ఈ ఆలోచన మొదలైన తీరు విచిత్రం. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే వైద్యుడు లేజర్ కాంతి వలన కాన్సర్ వస్తుందేమో చూద్దామని ఎలుకల వెంట్రుకలు గొరిగి కాంతి పెట్టాడు. కాన్సర్ రాలేదు సరిగదా, వెంట్రుకలు త్వరగా మొలిచాయి. తర్వాత పరిశోధకులు చెప్పిన కారణం ఏమిటంటే, కణంలోని మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఈ కాంతిని పీల్చుకుంటుంది, అప్పుడు ఎ.టి.పి. తయారీ పెరుగుతుంది అని. మెదడు కుదుపులో కొరత పడేది ఆ ఇంధనమే కదా! అందుకే ఈ ఆశ. వినడానికి తాళంచెవి తాళంలో సరిగ్గా పట్టినట్లుంది. సైన్సులో చాలా తాళంచెవులు ఇలాగే పడతాయి, కానీ తిరగవు. తిరుగుతుందో లేదో చూడడమే పరీక్ష.

పరీక్ష ఎందుకంత కష్టం?

పిల్లవాడు ఆటలో పడ్డాడు. అవ్వ ఉప్పు, ఎండుమిరపకాయలతో దిష్టి తీసింది. రెండు వారాలకు వాడు లేచి తిరిగాడు. గొప్పతనం ఎవరిది? అవ్వదే. పక్కింట్లో తాయెత్తు కట్టారు. అక్కడ గొప్పతనం తాయెత్తుది. మెదడు కుదుపు వచ్చిన పెద్దవాళ్ళలో ఎక్కువమంది రెండు వారాల్లో, పిల్లల్లో ఎక్కువమంది నాలుగు వారాల్లో తమంతట తామే కోలుకుంటారు. తనంతట తాను తగ్గే జబ్బులో ఏ వైద్యం చేసినా అది గెలిచినట్లే కనపడుతుంది. లైట్ల టోపీ పెట్టుకుని బాగయిన ఆటగాడి మాట అబద్ధం కాదు. పెట్టుకోకపోతే ఏమయ్యేదో అతనికి తెలియదు, అంతే.

అందుకని పరిశోధకులు ఆటగాళ్ళను రెండు జట్లుగా చేస్తారు. ఒక జట్టుకు అసలు టోపీ. రెండో జట్టుకు చూడడానికి అచ్చం అలాగే ఉండి వెలుగు రాని ఉత్త టోపీ. ఎవరు ఏ జట్టన్నది టాస్ వేసినట్లు చీటీల మీద తేలాలి. కెప్టెన్‌ను ఎంచమంటే అసలు టోపీ తన మంచి రైడరుకే ఇస్తాడు. డాక్టరును ఎంచమంటే జాలిపడి ఎక్కువ బాధపడేవాడికి ఇస్తాడు. రెండూ లెక్కను చెడగొడతాయి. ఎవరికి ఏది వచ్చిందో ఆటగాడికీ తెలియకూడదు, అతనికి పరీక్ష పెట్టేవారికీ తెలియకూడదు. తలనొప్పి ఎంత ఉందో చెప్పేది ఆటగాడే. "నాకు అసలు టోపీ వచ్చింది" అని తెలిస్తే సగం నొప్పి ఆ ధైర్యానికే తగ్గుతుంది. ఇక్కడ ఈ కాంతి ఒక మేలు చేస్తుంది. కంటికి కనపడదు గనుక వెలుగుతున్నదో లేదో ఆటగాడు కనిపెట్టలేడు. మాత్రల్లో చక్కెర మాత్ర కలిపినంత తేలికగా ఇక్కడ ఉత్త టోపీ చేయవచ్చు.

ఇక ఎంతమంది కావాలి? మెదడు కుదుపు వచ్చిన 100 మందిలో నెల తిరిగేసరికి 80 మంది ఎలాగూ బాగవుతారనుకుందాం. వైద్యం నిజంగా పనిచేసి ఆ 80ని 88 చేసిందనుకుందాం. పదిమంది చొప్పున రెండు జట్లు పెడితే ఆ తేడా ఒక్క మనిషికి కూడా రాదు. చీటీల అదృష్టంలో అది కొట్టుకుపోతుంది. వందలమంది కావాలి. వందలమంది ఆటగాళ్ళను, ఒకే రకం దెబ్బతో, దెబ్బ తగిలిన రెండు మూడు రోజుల్లోనే పట్టుకోవడం ఎంత కష్టమో మీరే ఊహించండి.

ఇంతవరకు తేలినది

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ వారు 68 మందితో ఇటువంటి పరీక్ష చేసి 2020లో ఫలితాలు ప్రకటించారు. వీళ్ళు ఆటగాళ్ళని కాదు, మెదడుకు ఒక మోస్తరు దెబ్బతో ఆసుపత్రికి వచ్చినవాళ్ళు. దెబ్బ తగిలిన 72 గంటల లోపు మొదలుపెట్టి హెల్మెట్‌తో కాంతి ఇచ్చారు. హాని కనపడలేదు. ఎం.ఆర్.ఐ. చిత్రాల్లో రెండు జట్ల మధ్య తేడా కనపడింది. వారే 2024లో 38 మంది ఎం.ఆర్.ఐ.లను మరొక విధంగా పరిశీలించారు. కాంతి తీసుకున్న వారిలో మెదడు భాగాల మధ్య అనుసంధానం మొదటి వారాల్లో ఎక్కువగా పెరిగింది. కానీ రోగి బాధ తగ్గడంలో రెండు జట్లకూ స్పష్టమైన తేడా తేలలేదు. ఇది జాగ్రత్తగా చదవాల్సిన వాక్యం. చిత్రం మారడం వేరు, మనిషి బాగుపడడం వేరు. అమ్మేవాళ్ళు మొదటి సగం మాత్రమే చదివి వినిపిస్తారు.

ఆటగాళ్ళ మీద చేసినది అమెరికాలో ఉటా విశ్వవిద్యాలయం వారి ప్రయోగం. అక్కడి ఫుట్‌బాల్ అంటే మన కాలి బంతి కాదు, తలలు ఢీకొట్టుకునే ఆట. 26 మంది ఆటగాళ్ళకు ఒక సీజన్ పొడవునా, వారానికి మూడుసార్లు, 20 నిమిషాల చొప్పున పెట్టారు. ఉత్త పరికరం పెట్టుకున్న వారి మెదడులో వాపు సూచనలు సీజన్ చివరికి పెరిగాయి. అసలు పరికరం పెట్టుకున్న వారిలో పెరగలేదు. వినగానే సంతోషం కలుగుతుంది. కానీ ఆ పరిశోధకులే నిజాయితీగా మరొక మాట చెప్పారు: జట్టు చిన్నది, పైగా చీటీల ఫలితంగా రెండు జట్ల మధ్య మొదటి రోజు నుండే కొన్ని తేడాలున్నాయి. ఇంకా పెద్ద పరీక్ష కావాలన్నారు. పరిశోధకుడంటే అలా ఉండాలి.

పెద్ద పరీక్ష ఎందుకో తెలియాలంటే పక్షవాతం కథ వినండి. ఇదే జాతి కాంతిని తలమీద పెట్టి పక్షవాతం రోగుల్లో చూశారు. 2007లో 120 మందితో చేస్తే బ్రహ్మాండమైన ఫలితం. 2009లో 660 మందితో చేస్తే తేడా అనుకున్నంత గట్టిగా నిలవలేదు. మూడోసారి 1,000 మందితో తలపెట్టారు. సగం దాటాక లెక్క చూస్తే లాభం కనపడే ఆశ లేదని తేలి, మధ్యలోనే ఆపేశారు. ఆ మొదటి 120 మంది ఫలితాన్ని చూసి యంత్రం కొన్నవాడి గతి ఏమిటి?

అయితే ఇది మెదడు కుదుపుకు పనికిరాదని తేలిపోయిందా? లేదు. పక్షవాతంలో దెబ్బ లోతున ఉండవచ్చు, కాంతి అక్కడికి చేరకపోవచ్చు. కుదుపులో సంగతి వేరు కావచ్చు. నాకు ఆశ ఉంది. కానీ ఆశకు రెండు నెలల రాబడి పెట్టమని మన తమ్ముడికి చెప్పలేను.

టోపీ లేకుండా చేయగలిగినది

2022లో ఆంస్టర్‌డాంలో ప్రపంచ క్రీడావైద్యులు సమావేశమై తయారుచేసిన పత్రం 2023లో వెలువడింది. దాని సారం పేదవాడికీ అందుబాటులో ఉన్నదే. అనుమానం వచ్చిన ఆటగాణ్ణి వెంటనే బయటికి తీసుకురావాలి. ఆ రోజు మళ్ళీ ఆడించరాదు. మొదటి 24 నుండి 48 గంటలు విశ్రాంతి, ఫోను, టీవీ తగ్గించడం. చీకటి గదిలో రోజుల తరబడి పడుకోబెట్టనక్కరలేదు. మెల్లగా నడవడం మేలు చేస్తుంది. తర్వాత మెట్టు మెట్టుగా, మెట్టుకు కనీసం ఒక రోజు చొప్పున ఆటకు రావాలి. బడికి పూర్తిగా వెళ్ళగలిగాకే పోటీలో ఆడాలి. బ్రిటన్ వారు 2023లో మామూలు ఆటగాళ్ళకు ఇచ్చిన సూచనల్లో 21 రోజుల లోపు పోటీలో దిగవద్దన్నారు. మనబోటి వాళ్ళకు అది మంచి లెక్క. మొదటి కుదుపు మానకముందే రెండోది తగిలితే, అరుదుగానే అయినా, కుర్రవాళ్ళలో మెదడు వాచి ప్రాణమే పోవచ్చు.

లక్షణాలు ఆలస్యంగా కూడా బయటపడతాయి. 2019లో లార్డ్స్ టెస్టులో ఆర్చర్ బంతి తగిలిన స్టీవ్ స్మిత్ కాసేపటికి తిరిగి వచ్చి బాటింగ్ చేశాడు. తెల్లవారాక గాని కుదుపు లక్షణాలు తేలలేదు. అతని స్థానంలో లబుషేన్‌ను దించారు. టెస్టుల్లో అటువంటి మొదటి మార్పు అదే. 2020 జనవరిలో ముంబయిలో రిషభ్ పంత్ హెల్మెట్‌కు బంతి తగిలినప్పుడు అతన్ని కీపింగ్‌కు దించలేదు. ఆ సిరీస్‌లోనే మన విశాఖపట్నం కీపర్ కె.ఎస్.భరత్‌ను అదనపు కీపరుగా పిలిపించారు. అంత పెద్ద జట్టు ఒకణ్ణి కూర్చోబెట్టగలిగినప్పుడు మన హాస్టల్ జట్టు కూర్చోబెట్టలేదా?

కోర్టు పక్కన అడగవలసిన ప్రశ్నలు ఇవి. ఇప్పుడు మనం ఎక్కడ ఉన్నాం? ఇది మొదటి సగమా, రెండో సగమా? చివరి పాయింటు ఎవరు తెచ్చారు? కిందటి ఆట ఎవరితో ఆడాం? అందులో గెలిచామా? ఒక్కటి తప్పినా బయటికి రావాలి. అన్నీ సరిగ్గా చెప్పినా తల పట్టుకుంటూ ఉంటే బయటికే రావాలి. మళ్ళీ మళ్ళీ వాంతులు, పెరుగుతున్న తలనొప్పి, మెడనొప్పి, ఒకటి రెండుగా కనపడడం, ఫిట్స్, కాళ్ళు చేతుల్లో బలహీనత లేదా తిమ్మిరి, మగత, స్పృహ తప్పడం – వీటిలో ఏది ఉన్నా ఆలోచించకుండా 108కు ఫోన్ చేయండి. ముత్తుకూరు నుండి నెల్లూరు సుమారు ఇరవై కిలోమీటర్లే.

పక్క మంచం వాళ్ళకు ఒక మాట. మీ నేస్తం సాంబారు పడలేదని చెప్పమంటే, చెప్పకండి. వార్డెన్ గారి తలుపు తట్టండి.

మెకానిక్ తమ్ముడు టోపీ కొనలేదు. వాళ్ళ పిల్లవాడికి ఆసుపత్రిలో స్కాను తీశారు, ఏమీ లేదన్నారు, విశ్రాంతి చెప్పారు. పదమూడో రోజుకు తలనొప్పి పోయింది. ఇరవై నాలుగో రోజున మళ్ళీ కోర్టులో దిగాడు. ఆ టోపీ కొని ఉంటే ఇప్పుడు ఆ షెడ్డుకు వచ్చే ప్రతి లారీ డ్రైవరుకూ దాని మహిమ చెబుతూ ఉండేవాడు.

చివరగా తొమ్మిది, పది తరగతుల వారికి ఒక లెక్క ఇస్తున్నాను. మెదడు కుదుపు వచ్చిన 20 మంది ఆటగాళ్ళలో 10 మందికి అసలు టోపీ, 10 మందికి ఉత్త టోపీ ఇచ్చారు. నాలుగు వారాలకు అసలు టోపీ వారిలో 9 మంది, ఉత్త టోపీ వారిలో 8 మంది బాగయ్యారు. అసలు టోపీ వారిలో ముగ్గురికి, ఉత్త టోపీ వారిలో ఏడుగురికి అంతకుముందు కూడా తలకు దెబ్బ తగిలి ఉంది. అమ్మేవాడు "90 శాతం మందికి నయం" అని ప్రకటన వేశాడు. ఆ ప్రకటనలో అబద్ధం ఉందా? లేకపోతే తప్పు ఎక్కడుంది? జవాబు ఒక పేజీకి మించకుండా రాసి హాస్టల్ ఆఫీసులో ఇవ్వండి. సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడు దిద్దుతాను.